ఫుట్‌బాల్ ఆడు కుఱ్ఱవాడు – కళాశాల యెంపిక

పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ఏ కళాశాలలో చేరవలెనన్నది ఏ యింటనైనను పెద్ద విచారమే. ఆ కుఱ్ఱవాడు చదువుతోబాటు ఫుట్‌బాల్ కూడ బాగుగా ఆడువాడై, ఆ యిల్లు అమెరికా సంయుక్తరాష్ట్రములలో నున్నచో ఆ విచారము రెండింతలగును. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా పరిసరములలోను, న్యూజెర్సీలోను స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఈ ప్రశ్న ఇప్పుడు తఱచుగా వినవచ్చుచున్నది. శనివారము తెల్లవారకమునుపే కుఱ్ఱవానిని కారులో నెక్కించుకొని, వందమైళ్ళు పోయి, ఆట ఆడించి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరు తలిదండ్రులు మన బంధువర్గములో ఎందఱో కలరు. పదేండ్ల యీ శ్రమకు ఫలముగా కళాశాలలో చదువు ఉచితముగా దొరకునని వారిలో పలువురి నమ్మకము. ఆ నమ్మకము ఎంతవఱకు నిలుచునో, అటువంటి బాలుడు దేనిని చూచి కళాశాల నెన్నుకొనవలెనో నేడు చెప్పదలచినాము. మగపిల్లల ఆటను గూర్చియే చెప్పెదము. ఆడపిల్లల విషయములో లెక్కలు వేఱు.

మనము ఫుట్‌బాల్ అనుదానిని అచ్చటివారు సాకర్ అందురు. వారు ఫుట్‌బాల్ అనునది కోడిగ్రుడ్డువంటి బంతిని చంకబెట్టుకొని పరుగెత్తు మఱియొక ఆట. ఈ భేదము పేరులోనిది మాత్రమే కాదు, డబ్బులోనిది కూడను. ఆ సంగతి ముందు వచ్చును.

మన దేశములో ఈ ఆట ప్రధానముగా ఉద్యోగమునకు దారి. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిచే ఉపాధ్యాయుడు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు నాలుగవస్థానము పొందినను, 1962లో జకార్తా ఏషియన్ క్రీడలలో స్వర్ణపతకము తెచ్చినను ఆయన శిక్షణముననే. ఆయన చేతిలో పెరిగినవారిలో పలువురికి ఆట వలన పోలీసుశాఖలో కొలువు దొరకినది, దానితో ఇల్లు నడచినది. అమెరికాలో పద్ధతి వేఱు. అచ్చట ఆట మొదట చేర్చునది కళాశాలకు. అందుచేత అచ్చటి కుఱ్ఱవాడు పదునాఱవయేటనే రెండు ప్రశ్నలకు ఒక్కసారిగా సమాధానము వెదకవలసివచ్చును: ఎచ్చట చదువుదును? ఎచ్చట ఆడుదును?

ఇట్టివానిని అచ్చట క్రీడావిద్యార్థి యందురు. మాట వినుటకు ఇంపుగానే యున్నది గాని దాని పుట్టుక తెలిసికొనదగినది. 1955లో కొలరాడో రాష్ట్రములో కళాశాల జట్టున ఆడుచున్న యువకుడొకడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో తలకు దెబ్బతగిలి మరణించెను. పనిలో చనిపోయిన కార్మికుని కుటుంబమునకు ఇచ్చు పరిహారమును తనకును ఇప్పింపుమని అతని భార్య కోరెను. 1957లో ఆ రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము అందుకు అంగీకరింపలేదు. కళాశాల క్రీడలను నడపు నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ అను సంస్థకు అప్పటి అధిపతి వాల్టర్ బయర్స్. ఆటగాండ్రను ఉద్యోగులుగా నెంచుదురేమో అను భయముననే తాము ‘క్రీడావిద్యార్థి’ యను పదమును కల్పించి వాడుకలోనికి తెచ్చితిమని ఆయనయే 1995లో వెలువడిన తన గ్రంథములో వ్రాసెను. కావున ఆ మాటలో విద్యార్థి యను భాగమును నిజము చేసికొనవలసినది కుఱ్ఱవాడును, వాని ఇంటివారునే. ఆ పని సంస్థ చేసిపెట్టదు.

మొదట తెలిసికొనవలసినది ఏ కళాశాలలో జట్టున్నది, ఎచ్చట లేదు అనునది. ఇందులో మనవారు తఱచు పొరపడుదురు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయము ఎంత పెద్దదో అందఱికిని తెలియును. ఆ విశ్వవిద్యాలయమునకు పురుషుల సాకర్ అధికార జట్టు లేదు. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌కును లేదు. ఫ్లోరిడా, జార్జియా, అలబామా విశ్వవిద్యాలయములకును లేదు. వేలకొలది పిల్లలు సాకర్ ఆడు టెక్సస్ రాష్ట్రములో మొదటి డివిజన్ జట్లు వ్రేళ్ళ మీద లెక్కింపవచ్చును. వానిలో పేరుగలది డాలస్‌లోని సదరన్ మెథడిస్టు విశ్వవిద్యాలయము. ఆస్టిన్‌లో చేరి బర్నట్ ఆరెంజ్ రంగు చొక్కాతో జట్టులో ఆడుదునని కలలుగను బాలునికి ఆ కల పదవ తరగతిలోనే తీర్చిచెప్పుట మేలు. క్లబ్బు జట్టులో సరదాకు ఆడుకొనవచ్చును. అది వేఱు సంగతి.

ఇట్లేల జరిగినది? స్త్రీపురుష విద్యార్థులకు సమానావకాశము లుండవలెనని 1972లో అచ్చట చట్టము వచ్చినది. కోడిగ్రుడ్డు బంతి ఆటకు ఒక్కొక్క జట్టులో నూరుమంది మగపిల్లలు కావలెను. ఆ నూరుగురి స్థానములకు సరితూగునట్లు ఆడపిల్లలకు స్థానములు కల్పింపవలెను. అంత ఖర్చు పెట్టిన తరువాత పురుషుల సాకర్, కుస్తీ, జిమ్నాస్టిక్సు వంటి చిన్న ఆటలకు చేయి ఆడదు. నేరము చట్టముదని కొందఱందురు. నూరుమందిని పెట్టుకొని ఆడు ఆటదని మే మందుము.

ఇక డబ్బు మాట. జాతీయసంస్థ క్రింద కళాశాలలు 1973 నుండి మూడు డివిజన్లుగా నేర్పడియున్నవి. మొదటి డివిజన్‌లో పురుషుల సాకర్ జట్టుకు పెక్కేండ్లపాటు అనుమతింపబడిన ఉపకారవేతనములు 9.9. పదికి పదవవంతు తక్కువ. ఈ 9.9 వేతనములను ఒక్కొక్కనికి ఒక్కటిగా నిచ్చుట లేదు. పనసపండును పదిమందికి తొనలుగా వలిచి పంచినట్లు జట్టంతకును పంచెడివారు. ఇరువదియెనిమిదిమంది జట్టుకు సమముగా పంచినచో ఒక్కొక్కనికి వచ్చునది మూడవవంతుకు కొంచెము పైన. సమముగా పంచుటయు లేదు. గోలు కొట్టువానికి తొన పెద్దది, క్రొత్తగా వచ్చినవానికి వాసన మాత్రమే.

2025లో ఈ యేర్పాటు మారినది. ఆ సంవత్సరము జూన్ నెలలో న్యాయస్థానము ఆమోదించిన ఒక రాజీ ప్రకారము, అందులో చేరిన కళాశాలలకు వేతనముల సంఖ్యపై మితి తొలగిపోయినది. దానికి బదులు జట్టులోని వారి సంఖ్యకు మితి వచ్చినది. పురుషుల సాకర్‌కు ఆ మితి 28. చూచుటకు ఇది గొప్ప వరమువలె కనబడును: కళాశాల తలచినచో ఇరువదియెనిమిదిమందికిని పూర్తి వేతన మీయవచ్చును. కాని ఇచ్చుటకు అనుమతి వేఱు, పెట్టెలో ధనముండుట వేఱు. అదే రాజీ వలన కళాశాలలు ఆటగాండ్రకు నేరుగా సొమ్ము పంచవచ్చునని వచ్చినది. పెద్ద కళాశాలలలో ఆ సొమ్ము కోడిగ్రుడ్డు బంతి ఆటకును, బాస్కెట్‌బాలుకును ప్రవహించుచున్నది. సాకర్ జట్టుకు మిగిలినది, పెక్కుచోట్ల, ఆ 28 అను గోడ మాత్రమే. పూర్వము వేతనము లేకున్నను జట్టుతోబాటు సాధనచేసి, రెండేండ్లు కాచుకొని, మూడవయేట ఆడిన పిల్లలుండెడివారు. గోడ వచ్చినచోట్ల అటువంటివానికి చోటు కఱవైనది.

రెండవ డివిజన్‌లో వేతనముల మితి 9. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్స్ అను వేఱొక సంఘములోని కళాశాలలలో 12. మూడవ డివిజన్‌లో ఆట పేరిట వేతనము అసలే లేదు. హార్వర్డు, ప్రిన్స్‌టన్ మొదలగు ఎనిమిది ఐవీ లీగ్ విశ్వవిద్యాలయములు మొదటి డివిజన్‌లోనివే యైనను ఆటకు వేతన మీయవు. కుటుంబపు ఆదాయమును చూచి ఇచ్చు సహాయము మాత్రము పుష్కలముగా ఇచ్చును.

ఇచ్చట మన కుటుంబములకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. తండ్రి గాని తల్లి గాని ఉద్యోగపు వీసాపై నుండి, శాశ్వతనివాసపు పత్రమునకై ఏండ్లతరబడి వరుసలో నిలిచియున్న యిండ్లు వేలకు వేలు. అట్టి యింటి బాలుడు చిన్ననాటనుండి ఆ దేశములోనే పెరిగినను కేంద్రప్రభుత్వపు విద్యాసహాయమునకు అర్హుడు కాడు. ఇరువదియొకటవ యేడు నిండగానే తలిదండ్రుల వీసాపై నీడ తొలగి, విద్యార్థి వీసాకు మారవలసియుండును. విద్యార్థి వీసాపై నున్నవానికి పని చేయుటకు కట్టుబాట్లెక్కువ. కనుక ఆటగాండ్రు ఇప్పుడు తమ పేరును, రూపమును ప్రకటనలకిచ్చి ఆర్జించు సొమ్ము వానికి అందని ద్రాక్షయే. కాని కళాశాల తన సొంత నిధినుండి ఇచ్చు వేతనము, ఆటకు గానిండు చదువుకు గానిండు, వీసాతో నిమిత్తము లేకుండ ఎవనికైనను ఈయవచ్చును. ఈ ఒక్క విషయము తెలియక మంచి కళాశాలలకు దరఖాస్తే పెట్టని యిండ్లను మేమెఱుగుదుము. విదేశీయుడుగా లెక్కకు వచ్చు బాలునికి మీరు సొంత నిధినుండి ఏమిత్తురని ప్రతి కళాశాలకును ముందుగా ఉత్తరము వ్రాసి, జవాబు కాగితముపై తెప్పించుకొనవలెను. పేరుగల ప్రైవేటు కళాశాలలలో చదువు, బస, భోజనము కలిపి ఏడాది వ్యయము 80,000 డాలర్లు దాటియున్నది. నాలుగేండ్లకు అది యెంతో శ్రోతలే లెక్కవేసికొనగలరు.

మా అక్కగారి కుమారుడు డాలస్ ప్రాంతములో పండ్రెండవ తరగతి చదువుచున్నాడు. మిడ్‌ఫీల్డులో ఆడును. వానికి రెండు పిలుపులు వచ్చినవి. ఒకటి వేఱొక రాష్ట్రములోని పెద్ద విశ్వవిద్యాలయము, మొదటి డివిజన్. ఇరువదియెనిమిదిమందిలో చోటిత్తుము, మొదటియేట వేతనము లేదు, పిమ్మట చూతమని వారి మాట. రెండవది ఒక చిన్న ఊరిలోని ప్రైవేటు కళాశాల, మూడవ డివిజన్. మార్కులను చూచి బోధనరుసుములో సగము నాలుగేండ్లును తగ్గింతుమని వారు వ్రాతమూలకముగా తెలిపిరి. ఆట మానివేసినను ఆ తగ్గింపు పోదు. మా బావగారు ఇంకను వీసా వరుసలోనే యున్నారు. “మామయ్యా, మొదటి డివిజన్ అంటే మొదటి డివిజనే గదా!” అని కుఱ్ఱవాడు ఫోనులో మమ్ము అడిగెను. ఆ గొంతులో ఉన్నది పొగరు కాదు. పదేండ్ల తెల్లవారుజాములు.

వానికి మేము మొదట మూడవ డివిజన్ సంగతి చెప్పితిమి. మూడవది యనగానే మూడవరకమని మనవారి మనస్సులో పడుచున్నది. చదువు దృష్టితో చూచినచో కథ తలక్రిందులు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, షికాగో విశ్వవిద్యాలయము, కార్నెగీ మెలన్, జాన్స్ హాప్‌కిన్స్, ఎమరీ – ఇవన్నియు సాకర్‌లో మూడవ డివిజన్ కళాశాలలు. బోస్టన్ చెంతనున్న టఫ్ట్స్ విశ్వవిద్యాలయము 2014, 2016, 2018, 2019 సంవత్సరములలో ఆ డివిజన్ విజేత. పెన్సిల్వేనియాలోని మెస్సయా జట్టు 2000 మొదలు 2017 వఱకు పదునొకండు పర్యాయములు గెలిచినది. 2022లో షికాగో విశ్వవిద్యాలయము గెలిచినపుడు దాని శిక్షకురాలు జూలియాన్ సిచ్ అను మహిళ. పురుషుల సాకర్ జట్టును జాతీయవిజేతగా చేసిన తొలి మహిళ యామెయే. మొదటి డివిజన్‌లో సాకర్ జట్లు రమారమి రెండువందలుండగా మూడవదానిలో దాదాపు అంతకు రెట్టింపు. ఉన్నతపాఠశాలలలో సాకర్ ఆడు మగపిల్లలు అమెరికాలో నాలుగున్నర లక్షలకు పైబడియున్నారు. వారిలో ఈ మూడు డివిజన్లలో ఏదో యొక జట్టులో చేరువారు నూటికి ఐదాఱుగురు మాత్రమే. ఎచ్చట చోటు దొరకినను అది సామాన్యమైన గెలుపు కాదు.

పిమ్మట, ఉత్తరముల సంగతి. వేసవిలో మా శిక్షణ శిబిరమునకు రమ్మని కళాశాలల నుండి ఇంటికి వచ్చు జాబులను చూచి మురిసిపోకూడదు. అందులో కుఱ్ఱవాని పేరుండును, జట్టు ముద్ర యుండును. అటువంటివే మఱి వేలమందికి పోవును. శిబిరమునకు రుసుము చెల్లించువారు మనమే. నిజముగా ఆసక్తిగల శిక్షకుడు కుఱ్ఱవాని ఆటను చూచినట్లు వ్రాయును: ఫలానా ఆటలో ఎడమకాలితో ఇచ్చిన బంతిని గూర్చియో, వెనుకకు పరుగెత్తి అడ్డుపడిన తీరును గూర్చియో. మొదటి డివిజన్‌లో శిక్షకుడు బాలునితో స్వయముగా మాటాడుటకు నియమము పదవ తరగతి ముగిసిన పిమ్మట జూన్ 15వ తేదీ. కళాశాల వ్యయముతో చూచివచ్చుటకు పదునొకండవ తరగతికి ముందు ఆగస్టు 1. ఈ తేదీలు దాటి ఏడాదియైనను ఫోను రానిచోట ఇంకను ఆశ పెట్టుకొనుట దండుగ.

చదువు నియమములు కూడ ముందే తెలియవలెను. మొదటి డివిజన్‌లో ఆడుటకు ఉన్నతపాఠశాలలో నిర్ణీతమైన 16 ముఖ్యపాఠ్యక్రమములు పూర్తియై, వానిలో సగటు 4కు 2.3 తగ్గకుండవలెను. ఆ పదునాఱింటిలో పది, చివరి సంవత్సరము మొదలగుటకు ముందే ముగియవలెను. మన పిల్లలకు మార్కుల విషయమున భయములేదు గాని, మధ్యలో హైదరాబాదులోనో విజయవాడలోనో రెండేండ్లు చదివి తిరిగిపోయిన బాలునికి ఏ పాఠ్యక్రమము లెక్కకు వచ్చునో, ఏది రాదో తేలుటకు నెలలు పట్టును. నోటిమాటను నమ్మరాదు. పూర్వము సంతకము చేయు జాతీయ అంగీకారపత్రము 2024లో రద్దయినది. ఇప్పుడు కట్టుబాటు గలది కళాశాల ఇచ్చు ఆర్థికసహాయపు ఒడంబడిక యొక్కటియే. అందులో లేనిది లేనట్లే.

శిక్షకుని మంచితనమును చూచి కళాశాల నెన్నుకొనుట చాలమంది చేయు పని. శిక్షకుడు ఎంత మంచివాడైనను మఱుసటియేడు వేఱొక ఊరికి పోవచ్చును. జట్టే పోవచ్చును. సిన్సినాటి విశ్వవిద్యాలయము 2020 ఏప్రిల్‌లో తన పురుషుల సాకర్ జట్టును ఎత్తివేసినది. లీగులును స్థిరముగా లేవు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు 2024లో అట్లాంటిక్ తీరపు లీగులో చేరినది. లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయము అదే యేట బిగ్ టెన్‌లో చేరినది. అందులో న్యూజెర్సీలోని రట్‌గర్స్ కూడ నున్నది. ఒక లీగు ఆటకు ఖండమంతయు దాటిపోయి, మఱునాడు వచ్చి భౌతికశాస్త్రపు పరీక్ష వ్రాయువాని యవస్థ ఊహింపవచ్చును.

శిక్షకునికంటె నమ్మదగినది జట్టు జాబితా. ప్రతి కళాశాలయు దానిని బహిరంగముగా ప్రకటించును: ఎవడు ఏ స్థానములో ఆడును, ఏ తరగతి, ఏ ఊరు, ఏ ఆటలో ఎన్ని నిమిషములు ఆడినాడు. మా మేనల్లుడు ఒక సాయంకాలము కూర్చుండి ఆ పెద్ద విశ్వవిద్యాలయపు జాబితాను విప్పిచూచెను. మిడ్‌ఫీల్డులో తొమ్మిదిమంది. వారిలో ఐదుగురు వేఱు కళాశాలలనుండి మారివచ్చినవారు. ఇద్దఱు యూరపునుండి వచ్చిన ఇరువదిరెండేండ్లవారు. గడచిన ఏడు క్రొత్తగా చేరినవారిలో ఒక్కడు మాత్రమే నూఱు నిమిషములు దాటి ఆడినాడు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. 2018లో ఏర్పడిన బదిలీ పట్టికవలన ఆటగాండ్రు కళాశాలలు మారుట సులువైనది. శిక్షకునికి పచ్చి కుఱ్ఱవానిని పెంచుటకంటె ఆరితేఱినవానిని తెచ్చుకొనుటయే తేలిక. చిన్న కళాశాల జాబితాలో మిడ్‌ఫీల్డువారు ఏడుగురు, వారిలో ముగ్గురికి అది చివరి యేడు. గోల్‌కీపరైనచో ఈ లెక్క మఱింత కఠినము. ఆడునది ఒక్కడే కదా.

జాబితాలో మఱియొక గడి యుండును: ఎవడు ఏ విషయము చదువుచున్నాడు. మన పిల్లలలో పలువురు కోరునది కంప్యూటర్ శాస్త్రమో, ఇంజనీరింగో, వైద్యమునకు మెట్టైన జీవశాస్త్రమో. జట్టులో ఆ చదువు చదువువాడు ఒక్కడును లేకున్నచో కారణ మడుగవలెను. తఱచు కారణము మధ్యాహ్నపు ప్రయోగశాల. ఆటల కాలములో వారమునకు 20 గంటలు మించి సాధన చేయింపరాదని జాతీయసంస్థ నియమము. ప్రయాణము, గాయములకు చికిత్స ఆ యిరువదిలో చేరవు. పైగా ఇంతవఱకు సాగిన సంప్రదాయము ప్రకారము ఆటలన్నియు ఆగస్టు చివరనుండి డిసెంబరు లోపల ముగియవలెను. అందుచే వారమునకు రెండు ఆటలు సామాన్యము. క్రొత్తగా ఇల్లు విడిచి వచ్చిన కుఱ్ఱవానికి కళాశాలలో మొదటి మూడునెలలును ఇట్లే గడచును.

మఱి ఆటలో పైకి పోవలెనను కోరికయో? దానిని చిన్నచూపు చూడరాదు. అమెరికా జాతీయజట్టుకు 57 గోలులు కొట్టి, లాండన్ డోనవన్‌తో సమముగా నిలిచిన క్లింట్ డెంప్సీ టెక్సస్‌లోని నాకొడోచెస్ అను ఊరివాడు. అతడు చదివినది దక్షిణ కరోలినాలోని ఫర్మన్ అను చిన్న విశ్వవిద్యాలయములో. 2022 ప్రపంచకప్పులో అమెరికా ఆడిన నాలుగు ఆటలలోను గోలు కాచిన మాట్ టర్నర్ ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థి. చదువు ముగిసిన యేట వృత్తిజట్లు ఆటగాండ్రను ఎన్నుకొనునపుడు అతని పేరు ఎవరును పిలువలేదు. 2024లో మొదటి డివిజన్ విజేత వెర్మాంట్ విశ్వవిద్యాలయము, అదనపు సమయములో 2–1తో. అంతకుముందు ఆ జట్టు ఎన్నడును గెలిచియుండలేదు. పెద్దపేరు గల చోటనే ఆట పండునన్న నియమము లేదు. ప్రతివారమును మైదానములో నిలుచువాడే యెదుగును. బల్లమీద కూర్చున్నవాడు ఎంత గొప్ప చొక్కా తొడిగికొన్నను ఎదుగడు.

గాయమును గూర్చి ఎవరును మాటాడుటకు ఇష్టపడరు. మోకాలిలోని కీలుబంధము తెగుట ఈ ఆటలో అపూర్వము కాదు. ఒకమాఱు తెగినచో ఏడాది పోవును. 2024 ఆగస్టునుండి మొదటి డివిజన్‌లో గాయపడినాడనియో, ఆట తగ్గినదనియో వేతనమును తీసివేయరాదని, ఆటలో తగిలిన గాయములకు చదువు ముగిసిన తరువాతను కనీసము రెండేండ్లు వైద్యవ్యయమునకు ఏర్పాటుండవలెనని నియమము వచ్చినది. ఇతర డివిజన్లలోను, ఇతర సంఘములలోను ఏ కళాశాలకు ఆ కళాశాలను అడిగి తెలిసికొనవలెను. తండ్రి అడిగినచో శిక్షకుడు నొచ్చుకొనునేమో యని మొగమోటపడు యిండ్లు కలవు. నొచ్చుకొను శిక్షకుడైనచో ఆ సంగతియు అప్పుడే తేలుట మంచిది.

కళాశాలను చూడబోయినపుడు వారు చూపునవి మైదానము, వ్యాయామశాల, గెలిచిన కప్పుల అద్దాల బీరువా. చూడవలసినది రాత్రి వసతిగృహములో నుండును. బాలుడు జట్టు పిల్లల గదిలో బస చేయును. పెద్దలు లేనిచోట వారు నిజము చెప్పుదురు. గాయపడి ఆడలేకున్నవాడు ఏ జట్టులోనైనను ఒకడైనను ఉండును. వానిని వెదకి ప్రక్కన కూర్చుండుమని మా మేనల్లునికి చెప్పితిమి. చికిత్సకు సొమ్మెవరిచ్చుచున్నారు, శిక్షకుడు కడపట ఎప్పుడు పలుకరించెను, ప్రయోగశాల తరగతులు ఎట్లు సాగుచున్నవి, ఆట లేకుండ ఈ ఊరిలో ఉండబుద్ధియగుచున్నదా యని అడుగుమంటిమి. కుఱ్ఱవాడు ఆ ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసికొనెను. వచ్చు వారము ఆ చిన్న ఊరికి, ఆ పై వారము పెద్ద విశ్వవిద్యాలయమునకు పోవుచున్నాడు. రెండుచోట్లను రాత్రి బస జట్టు పిల్లలతోనే.